సీడీ డబ్బా: పాట ఎవరిది, పెట్టె ఎవరిది? (వస్తువులూ మనుషులూ, 9వ భాగం)



ఈ వరుసలో ఇప్పటిదాకా చెప్పు, చాట, డప్పు, లాంతరు గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం సీడీ డబ్బా. అవును, పాటల సీడీ పెట్టుకునే ఆ గాజులాంటి ప్లాస్టిక్ డబ్బానే. మా డిగ్రీ పిల్లల్లో చాలామంది దాన్ని ఎన్నడూ చేత్తో పట్టుకుని ఉండరు. సీడీని మాత్రం అందరూ చూశారు. చేలల్లో పిట్టలు బెదరడానికి దారం కట్టి వేలాడదీస్తారు కదా, అక్కడ చూశారు. ఎండలో తళుక్కుమనే ఆ బిళ్లకు ఒకప్పుడు ఒక ఇల్లుండేది. ఆ ఇంటి గోడల మీద కొన్ని పేర్లు రాసి ఉండేవి. ఇల్లు కూలింది. పేర్లు పోయాయి. ఈ వ్యాసం ఆ పేర్ల గురించి.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మన పాట చరిత్ర రాయాలంటే పాటల పుస్తకాలు చాలవు, సీడీ డబ్బాలు కావాలి. ఇదేదో పాత సామాన్ల మీద మోజు కాదు. పెట్టె ఉన్న పాటకు కర్త మిగిలాడు. పెట్టె లేని పాటకు పాట మాత్రమే మిగిలింది. ఎవరి పాటకు పెట్టె దొరికింది, ఎవరి పాటకు దొరకలేదు అన్నది ఈ దేశంలో ఎప్పుడూ కులం ప్రశ్నే.

నగల పెట్టె

1982 ఆగస్టు 17న జర్మనీలోని హానోవర్ పక్కన లాంగెన్‌హాగెన్ అనే ఊళ్లో, పాలీగ్రామ్ కంపెనీ ఫ్యాక్టరీలో, అమ్మకానికి ఉద్దేశించిన మొదటి సీడీలు అచ్చయ్యాయి. స్వీడన్ దేశపు అబ్బా బృందం పాటలవి. ఆ ఏడే అక్టోబర్ 1న సోనీ కంపెనీ జపాన్‌లో మొదటి సీడీ ప్లేయర్ అమ్మకానికి పెట్టింది. సీడీని ఫిలిప్స్, సోనీ కలిసి తయారుచేశాయి. దానికి డబ్బా చేసిచ్చింది మాత్రం ఫిలిప్స్ వాళ్లు. పీటర్ డూడ్సన్ అనే డిజైనర్ పేరు దాంతో ముడిపడి ఉంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు జ్యుయెల్ కేస్. అంటే నగల పెట్టె.

పేరుకు తగ్గట్టే ఉంటుంది. 142 మిల్లీమీటర్ల పొడవు, 125 వెడల్పు, 10 మందం. మూడు ముక్కలు: పైమూత, అడుగు, మధ్యలో బిళ్లను పట్టుకునే ట్రే. మూడూ కరిగించిన పోలిస్టైరిన్‌ను అచ్చులోకి పంపి పోసినవే. ట్రే మధ్యలో చిన్న పళ్ల చక్రం ఉంటుంది. సీడీ నడుమ ఉన్న 15 మిల్లీమీటర్ల రంధ్రాన్ని అది లోపలి నుంచి పట్టుకుంటుంది. దాంతో పాట ఉన్న ముఖం దేనికీ తగలకుండా గాల్లో నిలుస్తుంది. గీత పడదు. చాలా తెలివైన పని.

మనకు ఎక్కువ పనికొచ్చేది ప్లాస్టిక్ కాదు, అందులో పెట్టే కాగితం. పైమూత లోపల అంచుల్లో చిన్న నాలుకల్లాంటివి ఉంటాయి. వాటి కింద 120 మిల్లీమీటర్ల చదరపు పుస్తకం ఒకటి దూరుతుంది. పాటలు, ఫొటోలు, కృతజ్ఞతలు అందులో అచ్చేస్తారు. ట్రే కింద ఇంకో కాగితం ఉంటుంది. దాని రెండు అంచులూ మడిచి నిలబెడతారు. డబ్బాను అరలో పుస్తకంలాగా నిలబెడితే ఆ అంచు మీద ఆల్బమ్ పేరు, కళాకారుల పేరు కనిపిస్తాయి. పుస్తకానికి వెన్ను ఉన్నట్టే ఈ డబ్బాకూ వెన్ను ఉంది. అందుకే దాన్ని దాచుకున్నవాళ్లు అలమరాలో పుస్తకాల్లాగే వరసగా పేర్చుకున్నారు.

లోపమూ ఉంది. పోలిస్టైరిన్ అద్దంలా మెరుస్తుంది గానీ అద్దంలాగే పెళుసు. చేతిలోంచి జారితే ముందు విరిగేది మూతకున్న రెండు చెవులే. అవి పోతే మూత ఊడిపోతుంది. తర్వాత ట్రే పళ్లు ఒక్కొక్కటీ రాలతాయి. డబ్బా పాడైందని పారేస్తే దాంతోపాటు కాగితమూ పోతుంది. కానీ ఈ డబ్బాలన్నీ ఒకే కొలత. ఏ సీడీ డబ్బా విరిగినా ఇంకో సీడీ డబ్బా సరిగ్గా సరిపోతుంది. కాగితం పోతే మాత్రం దాని బదులు ఇంకోటి ఉండదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

బిళ్లకు పేరు తెలియదు

ఇప్పుడు అసలు సంగతి. సీడీ మీద పాట ఉంటుంది. ఎన్నో పాట, ఎన్ని నిమిషాలు అన్న లెక్క ఉంటుంది. పాట పేరు ఉండదు. పాడినవాళ్ల పేరు ఉండదు. రాసినవాళ్ల పేరు అసలే ఉండదు. ఫిలిప్స్, సోనీ మొదట రాసుకున్న ప్రమాణంలో పేర్లకు చోటు పెట్టలేదు. అందుకే ప్లేయర్ అద్దం మీద 1, 2, 3 అంకెలు మాత్రమే మెరిసేవి. 1996లో సీడీ టెక్స్ట్ అనే ఏర్పాటు వచ్చింది, కానీ అది ఐచ్ఛికం. పెట్టుకున్న కంపెనీ పెట్టుకుంది, లేనిది లేదు.

అంటే గొంతు ఒకచోట, పేరు ఇంకోచోట. గొంతు బిళ్లలో ఉంది. పేరు డబ్బాలో ఉంది. రెండూ విడిపోతే గొంతు అనాథ. ఇంజినీర్లకు ఇది చిన్న విషయం. పేరు చెప్పుకోవడానికే కొట్లాడాల్సి వచ్చిన జనానికి ఇది చిన్న విషయం కాదు.

ఇదే సమస్య అంతకు ఎనభై ఏళ్ల ముందే ఒక ఆడమనిషికి అర్థమైంది. 1902లో గ్రామఫోన్ కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బెర్గ్ కలకత్తా వచ్చి పాటలు రికార్డు చేశాడు. ఆ పాడినవాళ్లలో గౌహర్ జాన్ ఉంది. తవాయఫ్. పాట ముగిశాక ఆమె ఇంగ్లిష్‌లో తన పేరు గట్టిగా చెప్పేది. ఎందుకంటే ఆ రికార్డులు అచ్చయ్యేది ఇక్కడ కాదు, జర్మనీలో. లేబుల్ అంటించే అక్కడి పనివాళ్లకు ఎవరు పాడారో తెలియాలి కదా! అచ్చయ్యే ఊరు ఏదో తెలుసా? హానోవర్. ఎనభై ఏళ్ల తర్వాత సీడీ పుట్టిన ఆ చుట్టుపక్కలే. కర్త పేరు కాగితానికి వదిలేస్తే పోతుందని తెలిసిన మనిషి, దాన్ని పాటలోపలే కట్టేసింది.

మన తత్వకవులు చేసిన పనీ ఇదే. చివరి చరణంలో తన పేరో, గురువు పేరో పెట్టుకోవడం. మహారాష్ట్రలో భీమ్ గీతాలకు ప్రాణం పోసిన వామన్‌దాదా కర్డక్ కూడా ఎన్నో పాటల చివర వామన్ అన్న తన పేరు ముడేశాడు. తెలుగు పాఠాల్లో దీన్ని ముద్ర అంటాం, మకుటం అంటాం, అలంకారంలాగా చెప్పి వదిలేస్తాం. అది అలంకారం కాదు మిత్రులారా. పెట్టె లేనివాడు చేసుకున్న ఏర్పాటు అది.

రాగిరేకులు, రాతి గది

పెట్టె ఉన్నవాళ్ల సంగతి కూడా చూద్దాం. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలో ఒక రాతి గదిలో దాచారు. దాని పేరే సంకీర్తన భాండారం. రెండువేలకు పైగా రేకులు. వందల ఏళ్లు ఎక్కువమంది పాడకపోయినా, ఆ రేకులు చదివేవాళ్లు లేకపోయినా, ఏమీ కాలేదు. 20వ శతాబ్దంలో బయటికి తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు పరిష్కరించి అచ్చువేస్తే, కర్త పేరుతో సహా పాట మళ్లీ లేచి కూర్చుంది.

అన్నమయ్య పాట గొప్పదనం గురించి నాకు పేచీ లేదు. నా ప్రశ్న పెట్టె గురించి. ఆ కాలంలోనే మాలవాడలో, మాదిగవాడలో పాట కట్టినవాళ్లు లేరా? నాట్లేస్తూ, చెప్పు కుడుతూ, డప్పు కాస్తూ, శవాన్ని మోస్తూ కట్టిన పాటలు లేవా? ఉన్నాయి. జనం నోట్లో బతికాయి. నాలుగు వందల ఏళ్లు ఎవరూ పాడకపోతే మన పాట చచ్చిపోతుంది, ఎందుకంటే దానికి రాతి గది లేదు. రోజూ పాడితేనే బతుకుతుంది. అలా నోటినుంచి నోటికి బతికే దారిలో పేరు రాలిపోతుంది.

అక్కడ మన విశ్వవిద్యాలయాలు ఇంకో పని చేశాయి. రాలిపోయిన పేరును సిద్ధాంతం చేశాయి. జానపద గేయం లక్షణాలు అని పరీక్షల్లో రాయిస్తాం కదా, అందులో ఒకటి: అజ్ఞాత కర్తృకం. కర్త తెలియకపోవడం దాని లక్షణమట! దొంగతనం జరిగిన ఇంటికి 'సామాన్లు లేకపోవడం ఈ ఇంటి లక్షణం' అని బోర్డు పెట్టినట్టు. పాత పాటలకు సరే, వాదన వరకు ఒప్పుకుందాం. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత, 1994 దండోరా తర్వాత పుట్టిన పాటలకు కర్తలు మన కళ్లముందు తిరిగిన మనుషులు. వాళ్లు కూడా అజ్ఞాతులెలా అయ్యారు? ఇక్కడే మళ్లీ డబ్బా దగ్గరికి రావాలి.

చట్టం డబ్బాను చూసింది, కర్తను చూడలేదు

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. క్యాసెట్ల దొంగ ముద్రణలు పెరిగాక 1984లో దానికి ఒక సవరణ తెచ్చి 52ఎ అనే సెక్షన్ చేర్చారు. విద్యార్థులు దాన్ని తప్పక చదవాలి. రికార్డు మీదా, దాన్ని పెట్టిన డబ్బా మీదా కొన్ని వివరాలు ఉండి తీరాలని అది చెబుతుంది. అవును, చట్టం డబ్బాను విడిగా పేర్కొంది. ఏమేం ఉండాలి? ఒకటి, రికార్డు తయారుచేసినవారి పేరు, చిరునామా. రెండు, కాపీరైట్ యజమాని పేరు, చిరునామా. మూడు, మొదట విడుదలైన సంవత్సరం. ఇవి లేకుండా విడుదల చేస్తే 68ఎ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా.

మళ్లీ చదవండి. పాట రాసినవాళ్ల పేరు ఆ జాబితాలో ఉందా? పాడినవాళ్ల పేరు ఉందా? డప్పు కొట్టినవాళ్ల పేరు ఉందా? లేదు. కంపెనీ పేరు లేకపోతే నేరం. కవి పేరు లేకపోతే జైలు లేదు.

చట్టంలో ఇంకోచోట, 57వ సెక్షన్‌లో, ఇది నా రచన అని చెప్పుకునే హక్కు కర్తకు ఉంది. పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు ప్రదర్శకుల హక్కులు 1994 సవరణతో వచ్చాయి. ఫలానావారు పాడారని గుర్తించాలన్న హక్కు 2012 సవరణతో వచ్చింది. అంటే సీడీ డబ్బా బతికి, వెలిగి, ఆరిపోయాక! పైగా ఈ హక్కులు ఎలాంటివి? కోర్టుకు పోయి అడుక్కోవాల్సినవి. కంపెనీ పేరు ఉండటం చట్టం పూచీ. కవి పేరు ఉండటం కవి పూచీ. కూలికి పోతే తప్ప పూట గడవని కవి ఏ కోర్టుకు పోతాడు?

మందం తగ్గేకొద్దీ

తెలుగు నేల మీద ఈ కథ ఎలా నడిచిందో చూద్దాం. మన పాటకు మొదటి ప్లాస్టిక్ పెట్టె సీడీ డబ్బా కాదు, క్యాసెట్ డబ్బా. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్ 80లలో మన ఊళ్లకు చేరింది. గ్రామఫోన్ రికార్డు అచ్చువేయాలంటే ఫ్యాక్టరీ కావాలి. క్యాసెట్ కాపీ చేయడానికి రెండు టేప్ రికార్డర్లు చాలు. ఆ చవకదనమే మనకు తలుపు తీసింది. మీటింగుల్లో పాడినవి, సంఘాల పాటలు క్యాసెట్లయ్యాయి. డబ్బాలో మడిచిపెట్టిన సన్నటి కాగితం మీద రచన, గానం, డప్పు అని పేర్లు పడ్డాయి. మన వాడల్లో చాలామంది కళాకారులు తమ పేరు అచ్చులో మొదటిసారి చూసుకుంది పుస్తకంలో కాదు, ఆ కాగితం మీద.

తర్వాత సీడీ వచ్చింది. డబ్బాల్లో కూడా వర్ణవ్యవస్థ వచ్చింది. సినిమా ఆడియో ఫంక్షన్లు గుర్తున్నాయా? రంగుల కాగితం చింపి, నగల పెట్టెలాంటి డబ్బాను కెమెరాల ముందు పైకెత్తేవాళ్లు. 10 మిల్లీమీటర్ల గట్టి డబ్బా, లోపల రంగుల పుస్తకం, ప్రతి పాటకూ సాహిత్యం ఎవరు, సంగీతం ఎవరు అన్న వివరం. అది పై మెట్టు.

దాని కింద సన్న డబ్బా. సుమారు 5 మిల్లీమీటర్లు. అందులో వెనక కాగితానికి చోటుండదు. వెన్ను ఉండదు. ముందు ఒక్క కాగితం, అంతే. దాని కింద పాలిథీన్ కవరు. బస్టాండ్లలో, జాతరల్లో, ఏప్రిల్ 14 సభల దగ్గర, ముంబయిలో డిసెంబర్ 6న చైత్యభూమి దగ్గర బండ్ల మీద అమ్మే మన పాటల సీడీలు ఎక్కువగా వీటిలోనే. గట్టి డబ్బా పెడితే ధర పెరుగుతుంది, మనవాళ్లు కొనలేరు. అది నిజమే. చవక కాబట్టే పాట వాడవాడకూ పోయింది, అదీ నిజమే. కానీ డబ్బా పలచబడ్డ ప్రతిసారీ మొదట తీసేసింది ఎవర్ని? కంపెనీ పేరు ఉంది, ఫోన్ నంబర్ ఉంది, ముందు హీరోలాంటి బొమ్మ ఉంది. తీసేసింది రాసినవాళ్ల పేర్లను.

ఆ తర్వాత ఎంపీ3 సీడీ. ఒక బిళ్లలో వంద పాటలు పైనే. కవరు వెనక చీమల్లాంటి అక్షరాల్లో పల్లవుల తొలి మాటలు. పేర్లకు చోటేది? 2002లో మొదలైన ధూంధాం ఊపుతో తెలంగాణ ఉద్యమ పాటలు ఇలాంటి బిళ్లల్లోనే ఊరూరా తిరిగాయి. ఎవరు ఏ పాట కట్టారో అన్న తగవులు చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

మా మేనమామ సంగతి చెప్తాను. ఆయన పాటలు కడతాడు. తొంభైల్లో ఒక సంఘం వేసిన క్యాసెట్‌లో ఆయన పాట ఒకటి ఉంది, కాగితం మీద ఆయన పేరూ ఉంది. పదేళ్ల తర్వాత ఒక ఆడియో కంపెనీ అదే పాటను సీడీలో వేసింది. సాహిత్యం అన్నచోట ఏం వేసిందో ఊహించండి: జానపదం. బతికున్న మనిషిని పట్టుకుని అజ్ఞాత కర్తను చేసింది. నేను కోపంగా ఉంటే మామ నవ్వాడు. 'పాట నడుస్తుంది గద అల్లుడా, పేరుదేముంది' అన్నాడు. ఏముందో ఆయనకు తర్వాత తెలిసింది. ముసలి కళాకారుల పింఛనుకు దరఖాస్తు పెడితే, పాట మీదేనని అచ్చులో ఆధారం తెమ్మన్నారు. చేతిలో ఉన్న సీడీ ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. పేరున్న క్యాసెట్ కాగితం ఎప్పుడో ఎలుకల పాలైంది. వేలిముద్రంత కాగితం లేక పింఛను లేదు.

కళాకారులకు ఇలాంటివి ఎన్ని జరిగాయో మీ ఊళ్లో అడగండి. కలేకూరి ప్రసాద్ లాంటి పెద్ద కవి విషయంలోనే, ఆయన పాట తెలిసినంతమందికి అది ఆయనదని తెలియదు. 2013లో ఆయన పోయాక గానీ చాలామంది తెలుసుకోలేదు. అచ్చులో కవిగా, అనువాదకుడిగా పేరున్న మనిషి పరిస్థితే అది. అచ్చు ముఖమే చూడని వాడ కవి పరిస్థితి ఏమిటి?

పేరు వద్దనుకున్న పాటలు

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, వినాలి. పేరు లేకపోవడం అంతా కుట్రేనా? కాదు. విప్లవోద్యమంలో పాట అందరిదీ అన్న విలువ ఉంది. 1972లో మొదలైన జననాట్యమండలి కాలం నుంచీ, పేరు పెట్టుకోవడం వ్యక్తివాదం అన్న ఆలోచన ఉంది. నిర్బంధం ఉంది. పేరు, చిరునామా అచ్చువేస్తే పోలీసులకు దారి చూపినట్టే. అచ్చువేయకపోతే 52ఎ ఉండనే ఉంది. మారుపేర్లతో రాసినవాళ్లు, అసలే పేరు లేకుండా రాసినవాళ్లు తెలిసే ఆ పని చేశారు. దాన్ని గౌరవిస్తాను.

కానీ ఒక తేడా ఉంది. పేరు ఉన్నవాడు దాన్ని వదులుకోవడం త్యాగం. పేరే లేనివాడి దగ్గర దాన్ని వదిలించడం దోపిడీ. పాట అందరిదీ అన్న చోట కూడా చివరికి ఎవరి పేర్లు సాహిత్య చరిత్రల్లోకి ఎక్కాయో, ఎవరి పేర్లు 'తదితరులు' అన్న మాటలోకి పోయాయో చూడండి. బాబాసాహెబ్ మనకు నేర్పింది ఏమిటి? మన చరిత్ర మనం రాసుకోకపోతే, మన గురించి రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ట్రాక్ 1, ట్రాక్ 2

సీడీని కంప్యూటర్‌లో పెడితే పాటల పేర్లు వాటంతటవే వచ్చేవి, గుర్తుందా? అవి బిళ్లలోంచి వచ్చినవి కావు. 1990లలో ప్రపంచమంతా సంగీతం ఇష్టపడే జనం, డబ్బాల మీది పేర్లు చూసి, ఉత్తపుణ్యానికి టైపు చేసి సీడీడీబీ అనే జాబితాకు ఎక్కించారు. తర్వాత అది ఒక కంపెనీ సొత్తయింది. జనం శ్రమ కంపెనీ ఆస్తి కావడం మనకు కొత్త కథేమీ కాదు. అయితే ఆ జాబితా లోపల ఉన్న సంగతి ఏమిటంటే, ఎవరో ఒకరు డబ్బా చూసి టైపు చేస్తేనే పేరు వస్తుంది. ఇంగ్లిష్ పాటలకు వచ్చింది. సినిమా పాటలకు వచ్చింది. నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు మన డప్పు పాటల సీడీలు పెడితే తెర మీద వచ్చింది ఇదే: ట్రాక్ 1, ట్రాక్ 2, ట్రాక్ 3.

ఆ తర్వాత మెమరీ కార్డు. మొబైల్ షాపువాడు కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చాడు. ఫైలు పేరులో షాపు పేరు ఉంది. తర్వాత యూట్యూబ్. ఛానల్ పేరు ఉంది. ఇప్పుడు రీల్స్. వాడుకున్నవాడి పేరు ఉంది. ప్రతి మెట్టులోనూ పాటను చేతులు మార్చినవాడి పేరు దొరుకుతుంది, పుట్టించినవాడి పేరు దొరకదు. ఎందుకంటే ఇవన్నీ కాపీకి కాపీలు. పేరున్న కాగితం మొదటి మెట్టులోనే ఆగిపోయింది.

ఆ కాగితం ఇప్పుడెక్కడుంది? పాత ఇళ్లల్లో అటకల మీద కొంత. మిగిలింది తుక్కు కొట్లో. అక్కడ చెత్త ఏరే మన అక్కలు, అన్నలు డబ్బాను విప్పుతారు. బిళ్ల పాలికార్బొనేట్, ఒక కుప్ప. డబ్బా పోలిస్టైరిన్, ఇంకో కుప్ప. లోపలి కాగితం, చిత్తు కాగితాల మూట. గొంతునూ పేరునూ ఆఖరిసారి విడదీసే చేతులు కూడా మనవే. ఎవరి పాట చరిత్రో, వాళ్ల చేతులతోనే కిలోల లెక్కన తూకానికి పోతోంది. దీనికి బాధ్యత ఆ చేతులది కాదు. ఆ కాగితం విలువైనదని ఒక్క గ్రంథాలయమూ, ఒక్క తెలుగు శాఖా ఇన్నేళ్లలో వాళ్లకు చెప్పలేదు. నా పరిశోధనలో ఆధారాల జాబితాకు సీడీ కవర్లు చేరిస్తే, పరీక్షకు కూర్చున్న ఒక పెద్దాయన 'ఇవి గ్రంథాలెలా అవుతాయి?' అని అడిగారు. రాగిరేకు గ్రంథమైనప్పుడు ఇదెందుకు కాదు అన్నాను. జవాబు రాలేదు, జాబితా ఉండిపోయింది.

మనం చేయాల్సిన పని

విద్యార్థి మిత్రులకు, సంఘాల మిత్రులకు నా విన్నపం ఇది. ఆవేశం కాదు, పని కావాలి.

ఒకటి. మీ ఇంట్లో, మీ బంధువుల ఇళ్లల్లో, మీ ఊరి అంబేద్కర్ సంఘం బీరువాలో ఉన్న పాటల క్యాసెట్లు, సీడీలు వెతకండి. బిళ్ల గీతలుపడి పాడకపోయినా పారేయకండి. మనకు కావాల్సింది దాని కాగితం.

రెండు. గట్టి డబ్బా అయితే లోపలి కాగితాన్ని లాగి చింపకండి. వెన్ను వైపు నుంచి ట్రేను మెల్లగా పైకి లేపితే అది ఊడివస్తుంది. కింద ఉన్న కాగితానికి లోపలి వైపు కూడా అచ్చు ఉండొచ్చు. ముందు, వెనక, రెండు వెన్నులు, పుస్తకంలో ప్రతి పేజీ, బిళ్ల మీది అచ్చు, అన్నీ పగటి వెలుగులో ఫొటో తీయండి.

మూడు. బిళ్లను తిప్పి నడుమ రంధ్రం చుట్టూ చూడండి. సన్నటి అక్షరాలు, అంకెలు ఉంటాయి. 1994 నుంచి చాలా ఫ్యాక్టరీలు తమ గుర్తును అక్కడ వేస్తున్నాయి. అది కూడా రాసుకోండి. సంవత్సరం వేయని సీడీల కాలం తేల్చడానికి సాయపడుతుంది.

నాలుగు. కవరు మీద జానపదం అని ఉంటే అక్కడ ఆగిపోకండి. పాడినవాళ్లను వెతకండి, డప్పు కొట్టినవాళ్లను అడగండి. ఈ పాట ఎవరు కట్టారు, ఏ ఊళ్లో, ఏ సంఘటన మీద? ఇద్దరు ముగ్గురి మాట రాసుకోండి. తగవు ఉంటే తగవు ఉందనే రాయండి. మనకు తోచిన పేరు పెట్టకండి. ఒకరి పేరు పోయిందని ఇంకొకరి పేరు అతికిస్తే అదీ దొంగతనమే.

ఐదు. పేరు బయటపెట్టొద్దని కర్త కోరితే పెట్టకండి. పేరు చెప్పుకోవడం హక్కయినట్టే, చెప్పుకోకపోవడమూ హక్కే. నిర్ణయం కర్తది కావాలి, కంపెనీది కాదు.

ఆరు. విరిగిన డబ్బాలు మార్చేయండి. ఏ సినిమా సీడీ డబ్బా అయినా సరిపోతుందని పైన చెప్పాను కదా. ఫ్లాపు సినిమాల డబ్బాల్లో మన పాటల కాగితాలు భద్రంగా ఉంటాయి. వాటికి అంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచడం లేదు.

మా కాలేజీలో ఈ ఏడాది చివరి సంవత్సరం పిల్లలకు ప్రాజెక్టు పని ఇదే ఇచ్చాను. ఒక్కొక్కరు పది కవర్లు తేవాలి, అందులో జానపదం అని ఉన్న ఒక్క పాటకైనా కర్తను వెతికి రావాలి. మొదటి వారమే ఒక అమ్మాయి తమ వాడలో ఉన్న ముసలామె పేరు రాసుకొచ్చింది. నాట్ల పాట ఆమెదట. తనతో నాట్లేసిన ముగ్గురు ఆడవాళ్లు ఆ మాట చెప్పారు. సీడీలో ఆ పాట పాడినవాళ్ల పేరు ఉంది, కట్టినామె పేరు లేదు. ఇప్పుడు మా రిజిస్టర్‌లో ఉంది. వరస సంఖ్య 14.

తిరుమల రేకుల్లాంటి రాగి మనకు లేదు. రాతి గది లేదు. కానీ చేతిలో ఫోను ఉంది, అటక మీద డబ్బా ఉంది, పాట కట్టిన మనిషి చాలాచోట్ల ఇంకా బతికే ఉంది. ఆమె ఉండగానే అడుగుదాం.

వచ్చే వారం, పదో భాగం: మైకు సెట్టు.

జై భీమ్.